రెండోసారి ఆశీలు

సంత ఆశీలు వసూలుకి దిగిన మొదటిరోజే ఎల్లాజీకి కోటబొమ్మాళిలో ఘనసన్మానం జరిగింది. ఎండుచేపల బుట్టల మధ్య కూలేసి, వలతాడుతో చేతులు కట్టేసింది చేపలమ్మే కూర్మమ్మ.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కావాడొకడు వచ్చి, బుట్టలు జప్తు చేస్తానని కసిరి, చేపలమ్మే ఆడవాళ్లందరి దగ్గరా ఆశీలు గుంజుకుపోయాడట. రసీదు అడిగితే తర్వాత అన్నాడట.

"ఒకే సేపని రెండుసార్లు తోముతారేటి? నువ్వు దొంగ గుంటడివి," అంది కూర్మమ్మ.

"పంచాయితీ ఆపీసులో అడుగుదాం పద. ముందు కట్టిప్పు, ముక్కు దురదెడతంది."

కూర్మమ్మ ఆలోచనలో పడింది. "దొంగైతే ఆపీసుకి పదమంటాడేటి?"

అయినా కట్టు విప్పకుండానే నడిపించుకెళ్లింది. సంతంతా నవ్వింది. ఇతను మనవాడే, ఆ పొద్దుటివాడెవడో మాకు తెలీదన్నాడు ఆఫీసు గుమాస్తా. కూర్మమ్మ తలొంచుకుని కట్టు విప్పింది. ఎల్లాజీ ముందు ముక్కు గోక్కున్నాడు. ఆ తలొంచుకున్న ముఖం చూశాక దురద ముక్కులోంచి గుండెలోకి దిగింది.

"ఆశీలు సొమ్మంతా ఆడు పట్టుకుపోనాడు. ఆడు దొరక్కపోతే నా ఉజ్జోగం ఊడతాది," అన్నాడు దిగులుగా.

"నాను పట్టిస్తాను," అంది కూర్మమ్మ.

పై వారం ఇస్త్రీ చొక్కా మళ్లీ వచ్చింది. "రసీదియ్యి, నేదా ఆపీసుకి పద," అంది కూర్మమ్మ. వాడు టైము లేదంటూ పరుగందుకున్నాడు. ఆమె కాలు అడ్డం పెట్టింది. వాడు వెళ్లి బుట్టలో బోర్లాపడ్డాడు. ఆ వాసనకి పోలీసులు కూడా వాణ్ని దూరంగానే నడిపించారు.

ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఎల్లాజీకి సంతంతా ఒక ఎత్తు, కూర్మమ్మకి రసీదు రాయడం ఒక ఎత్తు. ఒకనాడు వాన పట్టుకుంటే ఆమె తాటాకు గొడుగు కింద దూరాడు.

"నన్ను పెళ్లి సేసుకుంటావేటి? బేగి సెప్పు, వాన తగ్గిపోతాది."

"తొందరెట్టినోణ్ని నమ్మకూడదు. అడగాల్సిన సోట అడగాల."

అతని ముఖం వాడిపోయింది. "అయితే మీ అయ్యనడుగుతాను."

"నానడిగేసినాను. మీ ఊరు కళింగపట్నం ఎల్లి మీ అమ్మనీ అడిగేసినాను. నీకు పెళ్లి కానేదన్నది నిజమేనంట. పడవెక్కితే వాంతులవుతాయని మాత్రం నాతో సెప్పినావు కాదు."

ఎల్లాజీ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా పౌరుషం పోలేదు.

"మా అమ్మ ఒప్పుకుందని రసీదేదీ?"

కూర్మమ్మ గొడుగులోంచి చెయ్యి చాపింది. మణికట్టు నిండా అతని తల్లి తొడిగిన ఎర్రగాజులు వానలో తడుస్తున్నాయి.