మూడో విస్తరి

భీమవరం నుంచి వచ్చిన ఆ అక్కాతమ్ముళ్లకు ఆ రోజు పెద్ద పనేమీ లేదు. చార్మినారూ గోల్కొండా చూడటం అయిపోయింది. మర్నాడు బీదర్ బస్సెక్కాలి. మేడ్చల్‌లో చవగ్గా దొరికిన గదిలో ఆలస్యంగా లేచి, ఇడ్లీ తిని, వీపులకు సంచులు తగిలించుకుని శామీర్‌పేట బయల్దేరారు.

"ఇవాళ కోటలూ వద్దు, మ్యూజియాలూ వద్దక్కా. ఊరికే తిరుగుదాం," అన్నాడు ఫిన్నీ.

అనూహ్యకు కావలసిందీ అదే. నాన్న పోయాక ఇంట్లో ఎవరూ సరిగ్గా నవ్వింది లేదు. తమ్ముడు వచ్చే వారం చెన్నైలో ఉద్యోగంలో చేరతాడు. ఆలోగా వాణ్ని నాలుగు ఊళ్లు తిప్పి తీసుకొస్తానని అమ్మ మరియమ్మను బతిమాలి ఒప్పించింది. అమ్మ ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేసి మరీ రైలెక్కించింది.

చెరువు కట్ట మీద కాసేపు నడిచారు. ఎండ ఉన్నా గాలి చల్లగా ఉంది. కట్ట దిగి, రంగు వెలిసిన జెండాలున్న ప్లాట్ల వెంచర్ పక్కనుంచి కాలిబాట పట్టారు. సీతాఫలం పొదలు, గుండ్రాళ్లు దాటాక బాట ఆగిపోయింది. ఎదురుగా పాత క్వారీ గుంత. నాలుగు వైపులా కోసేసిన బండ. అడుగున ఆకుపచ్చ నీళ్లు. అక్కడ గాలి లేదు. పిట్ట చప్పుడు లేదు. తడి రాతి వాసన, దాని కింద ఇంకేదో పులిసిన వాసన.

కిందికి దిగే బండ మెట్టు మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఫిన్నీ ఈడువాడే. తల ఎత్తకుండానే అడిగాడు.

"యాడికి పోతున్నరు?"

"ఎక్కడికీ లేదు. తిరుగుతున్నాం," అన్నాడు ఫిన్నీ.

"నేను గూడ రావాల్నా?"

"రా, దానికేముంది," అని నవ్వేశాడు ఫిన్నీ. కొత్తవాళ్లతో అంత తొందరగా కలిసిపోయే స్వభావం వాడిది.

కుర్రాడు అప్పుడు తల ఎత్తి, ఫిన్నీ ముఖాన్నే చాలాసేపు చూశాడు. అనూహ్యకు అది నచ్చలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. పొదల దగ్గర తిరిగి చూస్తే బండ మీద ఎవరూ లేరు. నీళ్లు కదల్లేదు.

ఇంకో దారిన పోయుంటాడనుకున్నారు.

మధ్యాహ్నం రోడ్డు పక్క మెస్సులో భోజనానికి కూర్చున్నారు. వడ్డించే బాలేష్ వచ్చి మూడు విస్తళ్లు పరిచాడు.

"ఇద్దరమే అన్నా," అంది అనూహ్య.

బాలేష్ ఫిన్నీ పక్కనున్న ఖాళీ కుర్చీ వంక చూశాడు. "గీ తమ్మి తినడా?"

"ఏ తమ్మి?"

అతను మళ్లీ చూశాడు. మూడో విస్తరిని తియ్యలేదు. గబగబా అన్నం వడ్డించేసి, మళ్లీ వాళ్ల బల్ల దగ్గరికి రాలేదు. చారు కోసం పిలిచినా లోపలి నుంచి వేరే మనిషిని పంపాడు.

ఫిన్నీకి నవ్వొచ్చింది. బయటికొచ్చి ఆటో అడిగితే, "సామానున్నది, ముగ్గురికి ఇరుకైతది," అన్నాడు డ్రైవరు. అప్పుడు ఫిన్నీ నవ్వలేదు.

నడుచుకుంటూ మళ్లీ చెరువు కట్ట మీదికే వచ్చారు. అక్కడ కమలాబాయి అనే ముసలామె బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తోంది. వీళ్లను చూడగానే ఆమె చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఫిన్నీని చూసింది. వాడి భుజం వెనక్కి చూసింది.

"క్వారీ దిక్కు పోయిన్రా బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

"పోయాం అవ్వా."

"రమ్మన్నవా? నీ నోటితోనే అన్నవా?"

ఫిన్నీ తల ఊపాడు. ముసలామె కళ్లు మూసుకుంది.

"ఏం చెయ్యాలి అవ్వా?" అనూహ్య ఆమె ముందు కూలబడింది. "ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పు. చర్చికా, గుడికా, ఎక్కడికైనా వెళ్తాం."

"అందరు అన్ని దిక్కుల తిరిగిన్రు బిడ్డా. నా మనుమని ఎంటబెట్టుకోని నేను గూడ తిరిగిన." కమలాబాయి బొగ్గుల మీద నీళ్లు చల్లింది. పొగ లేచింది. "జనానికి మీరు ముగ్గురు కనవడినన్ని గడియలు పరేషాన్ లేదు. ఇద్దరు కనవడ్డప్పుడే..."

ముసలామె బుట్ట నెత్తికెత్తుకుని, వెనక్కి చూడకుండా కట్ట దిగిపోయింది.

పొద్దు వాలుతుండగా మేడ్చల్ బస్సు దొరికింది. ముగ్గురు పట్టే సీటులో అనూహ్య కిటికీ పక్కన, ఫిన్నీ మధ్యలో కూర్చున్నారు. చివర ఖాళీ. కండక్టరు వచ్చాడు. సీటు వంక చూసి, అడక్కుండానే రెండు టికెట్లు కొట్టిచ్చాడు.

"చూశావా," ఫిన్నీ ఊపిరి వదిలాడు. "ఇద్దరమే. ఆ ముసలామె ఊరికే భయపెట్టింది."

అనూహ్యకు ఆ కండక్టరు చూపు గుర్తొచ్చింది. కండక్టరు రెండు టికెట్లూ ఇస్తూ తననొకసారి చూశాడు. ఆ చివరి ఖాళీ వైపొకసారి చూశాడు. మధ్యలోకి చూడలేదు.

తర్వాతి స్టాపులో సంచితో ఒకావిడ ఎక్కింది. "జర కాళ్లు తియ్యి తమ్మీ," అంది ఖాళీ వైపు తిరిగి. తర్వాత లోపలికి జరిగి, ఫిన్నీ ఒళ్లోనే కూర్చోబోయింది. వాడు ఎగిరి పక్కకు లేచాడు. ఆవిడ సంచి సర్దుకుని కళ్లు మూసుకుంది.

"ఆంటీ, ఇక్కడ నేనున్నా..."

ఆవిడ వినలేదు. ఎవరూ వినలేదు.

అనూహ్య చెయ్యి చాచి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఉంది. వేళ్లున్నాయి. కానీ బరువు లేదు... ఎండిన ఆకు పట్టుకున్నట్టుంది.

"అక్కా, వదలకు."

"వదల్నురా."

"అక్కా..."

పెదాలు ఇంకా కదులుతున్నాయి. మాట రావడం లేదు. బస్సు ఆగింది. దిగేవాళ్లు తోసుకుంటూ వచ్చారు. వాడి మీదుగా కాదు... వాడి లోంచి. గుంపు తలుపు దాటేసరికి అనూహ్య గుప్పిట్లో ఏమీ లేదు. బస్సు కదిలింది. కింద మట్టి రోడ్డు మీద ఫిన్నీ నిలబడి ఉన్నాడు. వాడి నోరు తెరుచుకునే ఉంది.

"ఆపండి. మా తమ్ముడు కింద ఉండిపోయాడు," అని ఆమె లేచింది.

కండక్టరు వింతగా చూశాడు. "ఏందమ్మా, గీ సివర కూసున్నడు గదా మీ తమ్ముడు."

ఆమె ఆ వైపు చూడలేదు. తలుపు కొడుతూనే ఉంటే చివరికి బస్సు ఆపారు. దూకి వెనక్కి పరిగెత్తింది. ఫిన్నీ నిలబడ్డ చోట రోడ్డు ఖాళీగా ఉంది. పొలాల మీద మసక కమ్ముతోంది. పేరు పెట్టి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. ఫోన్ తీసి వాడి నంబరు కొట్టింది.

మోగింది.

దూరంగా కాదు... తన పక్కనే. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, ఏమీ లేని చోట. రెండు సార్లు మోగి ఆగిపోయింది.

అలాగే నిలబడి ఉండగా చేతిలో ఫోన్ వణికింది. అమ్మ.

"ఏమే, ఎక్కడున్నారు? బోంచేశారా?"

"అమ్మా... ఫిన్నీ..." అంది.

"ఆఁ, వినపడుతున్నాడులే. ఏరా, అక్కని ఏడిపిస్తున్నావా?" అమ్మ నవ్వింది. నాన్న పోయాక ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి. "అవునా... సరే నాన్నా... ఆఁ, రేపు పొద్దున్న రైలుకే ఇంటికొచ్చేస్తున్నారా? మంచిదే కదా..."

అనూహ్య ఫోన్ చెవికి ఆనించుకుని వింటోంది. అమ్మ మాటల మధ్య ఆమెకు వినిపిస్తున్నది గాలి చప్పుడొక్కటే. ఫోన్ కట్ చెయ్యాలని ఉంది. వేలు కదలడం లేదు.

"అమ్మా, మాట్లాడకు," అంది ఎలాగో. "ఏం చెప్పకు..."

"నువ్వుండవే. వాడేదో అడుగుతున్నాడు." అమ్మ కాసేపు విన్నది. మళ్లీ నవ్వింది. ఈసారి కొంచెం తికమకగా.

"వీడికేమైందే? రాత్రిళ్లు నా పక్కన ఎవరు పడుకుంటారు, 'నేను గూడ రావాల్నా' అని అడుగుతున్నాడేంటి?"