శాంతయ్య పేరు తుడవని కంప్యూటర్

అమావాస్య నాడు గద్వాలలో మగ్గం చప్పుడు వినబడదు. నేతగాళ్లు మగ్గం గుంటలో కాలు పెట్టరు, పోగును అటూ ఇటూ నడిపే నాడె ముట్టరు. సీతారాములు కూడా ఆ రోజు మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, దుకాణం మూసి ఇంటికి పోయేవాడు. ఆయన చీరలు నేయడు. చీర అంచు డిజైన్ ప్రకారం ఆ మిషన్ మీద అట్టలకు బొక్కలు కొట్టి ఇస్తాడు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితేనే అంచులో నెమళ్లు లేస్తాయి. డిజైన్లు గీసేది కూతురు లహరి. ఆ పిల్ల కుడిచెయ్యి బాగుంటే ఇల్లు బాగున్నట్టు.

మిషన్ పాతది. దాన్ని నడిపే కంప్యూటర్ అంతకన్నా పాతది. కొత్త కంప్యూటర్ తెచ్చి పెడితే అది ఈ మిషన్‌ను గుర్తే పట్టలేదు. మూత తెరిస్తే మిషన్ దానంతట అదే ఆగాలి. ఆ ఆగడం ఎప్పుడో పోయింది. మందు కొత్త సాఫ్ట్‌వేరులో ఉందన్నారు, ఆ సాఫ్ట్‌వేరేమో పాత కంప్యూటర్ మీదికి ఎక్కదు. మూడేళ్ల కింద, వాటాదారు శాంతయ్య ఇదంతా తీసి పారేద్దామని మొత్తుకున్నాడు. నడుస్తున్న ఎద్దును ఎవడన్నా అమ్ముతాడా అని సీతారాములు కొట్టిపారేశాడు. ఆ వారంలోనే తెరిచిన మూతలోంచి, అట్టను లోపలికి లాగే రోలర్లు శాంతయ్య చేతిని మోచేతి దాకా లాగేసుకున్నాయి. ఆటో దవాఖాన చేరేలోపే ఆటో నేలంతా నెత్తురు, మనిషి లేడు.

కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద రెండు పేర్లు వస్తాయి. సీతారాములు, శాంతయ్య. రెండోది తీసేయమని లహరి ఎన్నోసార్లు చెప్పింది. చచ్చినోని పేరు తుడిస్తే మళ్లీ చంపినట్టేనని ముసలాయన మొండికేశాడు. తుడవకపోగా, ప్రతి అమావాస్యకు ఆ పేరు మీద వేలితో కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ పేరుకు తాళం గిట్ల ఏమీ లేదు. ఎవరు నొక్కినా తెరుచుకుంటుంది.

మిషన్ ఖాళీగా ఉండేది అమావాస్య నాడే కాబట్టి, నాగర్‌కర్నూల్‌లో కంప్యూటర్లు బాగుచేసే యాసిన్‌ను లహరి ఆ రోజే పిలిపించింది. నలుగురు చూస్తే మాటొస్తదని సీతారాములు షట్టర్ సగం దించాడు. బయట మధ్యాహ్నం. లోపల మసక. తడిసిన అట్టల ముక్కిన వాసన, మిషన్ నూనె వాసన.

యాసిన్ కాసేపు కెలికి నవ్వాడు. "కాకా, దీన్ని చేసినోళ్లే దీన్ని ఇడ్సిపెట్టి పదేండ్లు దాటింది. గిది తలుపుల్లేని ఇల్లు. ఎవడన్నా రావొచ్చు."

"నా ఇంట్ల దొంగకు దొరికేదేముందిరా, అట్టముక్కలు తప్ప?"

ఈ పాత కంప్యూటర్ మీదికి కూడా ఎక్కే సాఫ్ట్‌వేరు నెట్‌లో ఒకచోట ఉందని, ఒక్కసారి వైరు కలిపితే దించేస్తానని యాసిన్ అన్నాడు. ఆ కంప్యూటర్‌కు నెట్ వైరు ఎన్నడూ తగిలించలేదు. సీతారాములు చాలాసేపు గునిసి, చివరికి కూతురి మొహం చూసి సరే అన్నాడు.

వైరు కలిసింది. సాఫ్ట్‌వేరు దిగింది. మూత సంగతి ఇప్పుడు తెలుస్తోందో లేదో చూడాలని యాసిన్ మిషన్‌కు కరెంటిచ్చాడు. లహరి మూత ఎత్తి, రోలర్ల వెనక వదులైన వైరును కుడిచేత్తో నొక్కి పట్టుకుంది.

తెర ఒక్కసారి నల్లబడింది. రెండు పేర్లు వచ్చాయి. బాణం గుర్తు దానంతట అదే కదిలి... శాంతయ్య పేరు మీద ఆగింది.

"నువ్వు నొక్కినవా?" సీతారాములు గుసగుసగా అడిగాడు.

యాసిన్ రెండు చేతులూ పైకెత్తి చూపాడు. "ఎవడో లోపలికొచ్చిండు కాకా..." తడుముకుని నెట్ వైరు పీకేశాడు. బాణం ఆగలేదు. "బయటినుంచి కాదు."

తెర మీద ఒక్క ముక్క వెలిగింది. "మూత మూసి ఉంది."

మూత తెరిచే ఉంది.

రోలర్లు తిరిగాయి. లహరి అరవలేదు, ఊపిరి లోపలికి పీల్చింది, అంతే. వేళ్లు లోపలికి పోయాయి. అరచెయ్యి పోతోంది. యాసిన్ ప్లగ్గు ఊడబెరికాడు. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. సీతారాములు ఇనుప రాడ్డు తీసి కంప్యూటర్‌ను కొట్టాడు. తెర పగిలింది. మళ్లీ కొట్టాడు. డబ్బా చీలి లోపలి పచ్చ పలకలు ముక్కలయ్యాయి. తిరుగుతూనే ఉన్నాయి... అట్టలు కోసే కత్తి పైకి లేచింది.

ముసలాయన రాడ్డు పారేసి మిషన్ మీద వంగాడు.

"శాంతన్నా," అన్నాడు చెవిలో చెప్పినట్టు. "మొండికేసింది నేను. పిల్లనిడువు. నన్ను పట్టు."

తన ఎడమచేతిని కూతురి మణికట్టు పక్క నుంచి లోపలికి తోశాడు.

రోలర్లు ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగాయి. లహరి చెయ్యి బయటపడింది. తోలు లేచింది, వాచింది, కానీ ఐదు వేళ్లూ ఉన్నాయి. అప్పుడు రోలర్లు మళ్లీ ముందుకు తిరిగాయి. కత్తి దిగింది. ఎముక విరిగిన చప్పుడు... ఎండిన చెరుకు విరిచినట్టు. పసుపు పూసిన ఇనుము మీద నెత్తురు చిమ్మింది. దాంతో మిషన్ ఆగిపోయింది.

తెగిన వేళ్లు దొరికితే కుడతారని యాసిన్‌కు తెలుసు. మిషన్ అడుగు పెట్టెలో చెయ్యి పెట్టి దేవులాడి, దొరికినవన్నీ కవరులో వేసి, ఎదురు కొట్టు నుంచి ఐసు తెచ్చి పోశాడు.

దవాఖానలో డాక్టరు సీతారాములు చెయ్యి చూశాడు. బొటనవేలు తప్ప నాలుగూ పోయాయి. కవరు విప్పి ఒక్కొక్కటే ట్రేలో పేర్చాడు. పేరుస్తూ పేరుస్తూ ఆగాడు.

"ఇంకెవరిదన్నా తెగిందా?"

తెగలేదని యాసిన్ చెప్పాడు.

ట్రేలో ఐదు ఉన్నాయి.

ఐదోది సన్నగా ఉంది. అంతసేపు ఐసులో ఉన్నా చల్లబడలేదు. గోరుకు గోరింటాకు ఎరుపు. కణుపు మీద, ఎప్పుడో కత్తెరకు తెగి మానిన వంకర గీత.

లహరి తన కుడిచేతి కట్టు విప్పుకుంది. చూపుడువేలు అక్కడే ఉంది. దాని కణుపు మీద అదే వంకర గీత. ముట్టుకుంటే ఆ వేలు ఐసులా చల్లగా ఉంది.