కొంకర్లు పోయిన చెయ్యి

గొంతులో థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చెల్లెలికి విడమరిచి చెప్పింది. "రక్తంలో కాల్షియం తగ్గితే కండరాలు బిగుసుకుంటాయి. ముందు పెదాల చుట్టూ తిమ్మిరి, ఆ తర్వాత చేతులూ కాళ్లూ కొంకర్లు పోతాయి. బిళ్లలు ఒక్కపూట కూడా మానొద్దు."

"నేను చూసుకుంటాగా," అంది అక్క.

ఇద్దరిదీ ఒకే కుట్టుకొట్టు. పక్కపక్కనే రెండు మిషన్లు. అక్క మాట తప్పలేదు. పొద్దున్నే గ్లాసుతో నీళ్లు, అరచేతిలో రెండు తెల్ల బిళ్లలు. నాలిక్కి తియ్యగా తగిలినా చెల్లెలు అనుమానపడలేదు. అమ్మ పోయాక తనను ఎత్తుకు పెంచిన చెయ్యి అది.

అయినా నెల తిరక్కుండా కొంకర్లు ముదిరాయి. కత్తెర పట్టబోతే బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయేది. మిగతా వేళ్లు పుల్లల్లా బిగిసేవి.

ఓ సాయంత్రం జోరున వాన. కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని అక్క వెళ్లింది. కరెంటు పోయింది. తడిగుడ్డల వాసన, మిషన్ నూనె వాసన. రేకుల మీద చినుకుల మోత.

ముందు పాదాలు మెలిపడ్డాయి. తర్వాత చేతులు. చెల్లెలు నేల మీద కూలబడింది.

అప్పుడు... ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

చల్లగా. గట్టిగా.

"అక్కా...?"

ఆ చెయ్యి ఈడ్చింది... అక్క మిషన్ దాకా. బిగిసిన వేళ్లు సొరుగుకు తగిలాయి. సొరుగు జారి ఒళ్లో పడింది. మెరుపు వెలుగులో కనిపించాయి, కాల్షియం బిళ్లల అట్టలు. ఒక్కటీ చింపలేదు.

పళ్లతోనే అట్ట చించి, దొరికినన్ని బిళ్లలు నమిలింది.

కరెంటు వచ్చేసరికి గుమ్మంలో అక్క.

"నాకిచ్చినవేంటక్కా?"

"గ్లూకోజు బిళ్లలు." అక్క తల దించుకుంది. "వచ్చినవాళ్లంతా చిన్నమ్మాయే కుట్టాలంటారు. నీ చెయ్యి పడిపోతే చాలనుకున్నా... సొరుగు సంగతి ఎవరు చెప్పారు?"

చెల్లెలు మణికట్టు చాపింది. కమిలిన నాలుగు వేళ్ల అచ్చులు. బొటనవేలిది లేదు.

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

"దానికి బొటనవేలు... లోపలికే ముడుచుకుని ఉందా?"

"'దానికి' అంటే ఎవరికక్కా? నాకంటే ముందు ఈ బిళ్లలు ఇంకెవరికిచ్చావు?"

అక్క చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి నడిచింది. మళ్లీ రాలేదు.

వారం తర్వాత రక్తపరీక్ష బాగానే ఉందన్నారు. వేళ్లు చక్కగా వంగుతున్నాయి. సూది గుచ్చిన నర్సు మాత్రం ఆ అచ్చులు చూస్తూ మణికట్టు వదల్లేదు.

"వారం నాటి దెబ్బంటారేంటమ్మా? ఇది ఇవాళ్టిదే... ఇంకా చల్లగానే ఉంది."