రెండు చీటీలు

చింతలరేవులో ఇప్పుడు మిరపబస్తాలు కూడా గాలిబళ్లెక్కి ఆకాశంలోనే పోతున్నాయి. ట్రాఫిక్ జామ్ పైకెక్కింది, అంతే తేడా. అలాంటి గాలిబండి ఒకటి పోయిన మంగళవారం అదుపు తప్పి, హమాలీ యాకోబు కాళ్లు రెండూ విరగ్గొట్టింది. బండి నడిపింది తానేనని పదహారేళ్ల తరళ ఒప్పేసుకుంది.

మైనర్లకు వకీలును వెతికిపెట్టడం 2081లో మనుషుల పని కాదు. బాలల న్యాయమండలిలో ఆ పని సరిజోడుది. ఇందీవర అనే సైంటిస్టు తిండీ నిద్రా మాని తయారుచేసిన యంత్రమది. దాని స్వరకంపన సెన్సర్లు మాటల కంటే గొంతులోని వణుకునే ఎక్కువ పట్టించుకుంటాయి. ఏ మాట వెనక ఏ భయముందో తేల్చుకుని, రాష్ట్రంలోని వకీళ్లందరిలో అచ్చంగా సరిపోయే ఒక్కరి పేరు చీటీ మీద అచ్చేసి ఇస్తుంది. విన్నది మాత్రం జడ్జి అడిగినా చెప్పదు.

"పెద్దవాళ్లు బయట కూర్చోవాలండీ," అంది ఇందీవర, తరళను యంత్రం గదిలోకి తీసుకెళ్తూ.

"భలేవారే! ఆడపిల్లని ఒక్కదాన్ని ఎలా వదిలేస్తానండీ?" తండ్రి గోవర్ధన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రూలు ఉంది, నిజమే. కన్నతండ్రిని బయటికి పొమ్మనడానికి మన దగ్గర ఎవరికి నోరొస్తుంది? ఇందీవర యంత్రం మీట నొక్కింది.

"నీ పేరేంటమ్మా?" అడిగింది సరిజోడు.

"తరళండీ. ఇంటర్ ఫస్టియర్," అన్నాడు గోవర్ధన్.

"బండి ఎక్కణ్ణుంచి బయలుదేరింది?"

"మా గోడౌన్ నుంచేనండీ. దీనికి సరదా ఎక్కువ. వద్దంటే వినదు."

"నడిపిందెవరు?"

గోవర్ధన్ కూతురి మోచెయ్యి తాకాడు.

"నేనే," అంది తరళ నేల చూస్తూ.

సరిజోడు ఒక చీటీ ఇచ్చింది. కాసేపాగి ఇంకోటి ఇచ్చింది. ఇలా రెండు రావడం ఇందీవర ఎన్నడూ చూళ్లేదు. మొదటిది తరళకి: వకీలు సంపంగి, పిల్లల కేసులు. రెండోది పక్కన కూర్చున్న పెద్దాయనకి: వకీలు ధనుంజయ, గాలిబండి ప్రమాదాల కేసులు. పెద్దలకు మాత్రమే.

గోవర్ధన్ మొహం పాలిపోయింది. "నాకెందుకిది? నేనడిగానా?"

"మీరూ మాట్లాడారు కదండీ," అంది సరిజోడు మర్యాదగా. "ఇక్కడ గొంతు విప్పిన ప్రతివారికీ తగిన వకీలును వెతకడమే నా పని."

ఇందీవరకు ఒళ్లు మండిపోయింది. "ఏమండీ, పిల్లని ఇరికిస్తారా?"

"మైనరు కదండీ," గొణిగాడతను. "మందలించి వదిలేస్తారని తెలిసినవాళ్లు చెప్పారు."

"మందలించడమా? రెండేళ్లు బాలల హోంలో ఉంచుతారు!"

తరళ తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆయన ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడని ఆశ.

గోవర్ధన్ కూతురి చీటీ తీసుకుని పర్రున చింపేశాడు. "వకీలూ వద్దు, గికీలూ వద్దు. ఒప్పేసుకుంది కదా, అయిపోయింది." తన చీటీని మాత్రం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా దాచుకున్నాడు. "ఎందుకైనా మంచిది."

తరళ ఆ జేబు వంక చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీని సరిజోడు ముందుకి జరుపుకుంది.

"మేడమ్, నాకింకో చీటీ కావాలి," అంది ఇందీవరతో. "ఈసారి నాన్న బయట కూర్చుంటాడు."