మనిషిని వదలని మేడ

ఆ ఊళ్ళో గుట్ట మీద సందుల్లో ఒక మేడ ఉంది. ఆకుపచ్చ కిటికీలు, ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ. పగటిపూట దానంత సాధువైన మేడ ఇంకోటి ఉండదు. మెట్ల మీద పిల్లులు పడుకుంటాయి, పిల్లలు ఆడుకుంటారు. పొద్దుగూకి దీపాలు వెలిగాక మాత్రం... అటు పోకూడదు.

పోతే ఏమవుతుందంటారా? ఏమీ కాదు. దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. హమ్మయ్య అనుకుంటారు. రెండు సందులు తిరుగుతారు. తల ఎత్తితే ఎదురుగా...

అదే మేడ!

కొత్తగా ఊళ్ళో దిగినవాళ్ళకి లాడ్జి మేనేజరు గది తాళంచెవితోపాటు ఈ ముక్కా చెప్పి పంపేవాడు. ఆయన సలహాలు అంత తొందరగా అయ్యేవి కావు. "స్టేషను ముందు టాక్సీ ఎక్కకండి, రోడ్డు దాటి ఎక్కండి. బీచి రోడ్డు బస్సులో ఎడం పక్క కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది, కుడి పక్క కూర్చుంటే జనం మోచేతులు కనిపిస్తాయి. రాళ్ళగట్టు మీద నాచు ఉంటుంది, చెప్పులు చేత్తో పట్టుకోండి. గొడుగు తెచ్చారా? దాని మీద ఆశ వదులుకోండి, మా గాలి సంగతి మీకు తెలీదు." ఆఖర్న బల్ల మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి, "హార్బరుకి బీచి రోడ్డునే వెళ్ళండి. ఆలస్యమైనా సరే. గుట్ట ఎక్కొద్దు... ఆ మేడ మనిషిని వదలదు" అనేవాడు.

ఆ సాయంత్రం ఈ మాట విన్నవాళ్ళు ముగ్గురు. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు. రెండో మనిషి ఆయన భార్య, అదే డిపోలో కండక్టరమ్మగా చేసి రిటైరైంది. బస్సులో ఆవిడ హోల్డాన్ అంటే ఆగాలి, రైట్ అంటే పోవాలి, ఇంట్లోనూ అదే పద్ధతి. మూడోది ఆవిడ చెల్లెలు, డ్రైవరుగారికి మరదలు. బావని ఏడిపించడం తప్ప ఆవిడకి వేరే పనేమీ ఉన్నట్టు కనిపించదు.

డ్రైవరు ఫక్కున నవ్వాడు. "మేడ వెంటపడుతుందా? దానికి చక్రాలున్నాయా ఏమన్నా?"

ఆయన జన్మలో ఎవర్నీ దారి అడిగిన పాపాన పోలేదు. అడిగితే చేతిలో స్టీరింగు పరువు పోతుందని ఆయన బాధ. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అత్తగారి ఊరు కనుక్కోలేక రాత్రంతా తిరిగి తెల్లారాక చేరాడు తప్ప, ఎదురొచ్చినవాణ్ణి ఒక్క మాట అడగలేదు.

వాళ్ళు వచ్చింది ఊరు చూడటానికి కాదు, కూతుర్ని చూడటానికి. ఆ పిల్ల సరుకుల ఓడలో ఆఫీసరు. ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఓడ ఆ పూట ఈ రేవులో ఆగింది, రాత్రికి కదిలిపోతుంది. హార్బరు గేటు మూసేలోపు వెళితే కాసేపు కూర్చుని మాట్లాడుకోవచ్చు. లేకపోతే మళ్ళీ ఎన్నాళ్ళకో!

తీరా బస్సెక్కితే బీచి రోడ్డులో లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి ఉంది. బస్సు ముందుకీ పోదు, వెనక్కీ పోదు. ఇంతలో కూతురి నుంచి మెసేజి: "గేటు దగ్గరే ఉన్నా నాన్నా. ఎక్కడున్నారు?"

డ్రైవరు లేచాడు. "దిగండి. గుట్ట మీంచి అడ్డదారి ఉంది. లాడ్జి గోడ మీద మ్యాపు చూశా."

"బావా, ఆ మేడ..." అంది మరదలు.

"నువ్వుండగా వేరే దెయ్యం దేనికే?"

దిగారు. సందులోకి తిరిగేసరికి బీచి రోడ్డు హారన్లు ఎవరో స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోయాయి. రాళ్ళు పరిచిన ఇరుకు దారి... తడి గోడలు... ఎక్కడో తలుపు ఒకటి గాలికి కొట్టుకుంటోంది.

మలుపు తిరిగారు. ఆకుపచ్చ కిటికీలు కనిపించాయి.

బాల్కనీలో చిన్న దీపం. దీపం పక్కన కుర్చీలో ఒక ముసలావిడ. తెల్లటి జుట్టు, భుజాల మీద తెల్లటి శాలువా. కదలదు, మెదలదు.

"నడవండి. అటు చూడకండి" అన్నాడు డ్రైవరు, తను మాత్రం అటే చూస్తూ.

పైనుంచి గుసగుసగా వినిపించింది.

"హార్బరుకా...?"

మరదలు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు మళ్ళీ... "కుడికి తిరిగి... పైకి వెళ్ళండి..."

హార్బరు కింద ఉంటే పైకెందుకు? అడగాలంటే ఆగాలి. ఆగే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు. కుడికి తిరిగారు, ఎక్కారు, ఇంకో సందు దాటారు. మేడ వెనకాల ఉండిపోయింది. డ్రైవరు చెమట తుడుచుకుని, "చూశారా? వెంటపడిందా? లాడ్జి వాడికి వేరే పనిలేక..." అంటూ మలుపు తిరిగి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

ఆకుపచ్చ కిటికీలు... బాల్కనీ... దీపం... ఆవిడే! అదే శాలువా, అదే కుర్చీ, అదే కదలకపోవడం.

"అక్కా... మనకంటే ముందు ఎలా వచ్చిందే?" మరదలి గొంతు పీలగా వచ్చింది.

కండక్టరమ్మ గుండె చిక్కబట్టుకుని తల పైకెత్తింది. "ఇందాక మీరేగా అమ్మా, కుడికి వెళ్ళమన్నారు?"

ముసలావిడ నెమ్మదిగా ముందుకు వంగింది. వాళ్ళని ఎన్నడూ చూడనట్టు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడింది.

"ఆవిడ... దగ్గుతోందా?"

అంతే! ఎవరు ముందు పరుగెత్తారో ఇప్పటికీ తగువే. మరదలు బావే అంటుంది, బావ మరదలంటాడు. వెనకనుంచి ఆ గుసగుస వెంటపడుతూనే ఉంది... "ఇంకా పైకి... ఇంకా పైకి వెళ్ళండీ..."

పరుగులో మరదలి చెప్పు ఒకటి ఊడిపోయింది. వెనక్కెళ్ళి తెచ్చుకోమంటే, "అది దానికే ఇచ్చేశా బావా, దాచుకోనీ" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు. కండక్టరమ్మకి నవ్వు ముంచుకొచ్చింది. చచ్చేంత భయంలో వచ్చే నవ్వు ఉంటుంది చూశారూ, అది ఆపితే ఆగేది కాదు. ముగ్గురూ గోడకి జారగిలబడి, పొట్టలు పట్టుకుని, చప్పుడు కాకుండా నవ్వారు.

డ్రైవరు నవ్వు ఆపి తల తిప్పాడు.

వాళ్ళు ఆనుకున్న గోడకి ఆకుపచ్చ కిటికీ ఉంది.

మూడోసారి... అదే మేడ! బాల్కనీ ఖాళీ. దీపం లేదు, ముసలావిడ లేదు. లోపల మెట్ల మీద మాత్రం వెలుగు ఒకటి... మెల్లగా... ఒక్కో మెట్టే దిగి వస్తోంది. తలుపు కిర్రుమంది. లాంతరు ముందు బయటికొచ్చింది, తెల్లటి శాలువా దాని వెనక.

మరదలు అక్క వెనక దాక్కుంది. అక్క మొగుడి వెనక దాక్కుంది. ఆయనకి దాక్కోవడానికి ఎవరూ మిగల్లేదు.

అప్పుడు జేబులో ఫోను మోగింది. చూశాడు. "ఓడ తాళ్ళు విప్పడానికి పిలిచారు నాన్నా. ఇక ఫోను తియ్యలేను. పర్లేదు, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం. అమ్మని ఏడవొద్దని చెప్పు."

డ్రైవరుకి భయం ఎటుపోయిందో పోయింది. ఏడాదిగా ఎదురుచూసిన పిల్ల గేటు దగ్గర నిలబడి నిలబడి వెళ్ళిపోయింది! ఆయన లాంతరు ముందుకి నడిచి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నువ్వు మనిషివైనా సరే, దెయ్యానివైనా సరే. మా అమ్మాయి ఓడలో వెళ్ళిపోతోంది. ఒక్కసారి కళ్ళారా చూసుకుంటాం. నీకు పుణ్యముంటుంది, దారి చెప్పు తల్లీ."

వెనకాల కండక్టరమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. దెయ్యాన్ని చూసి కాదు, మొగుడు దారి అడగడం చూసి.

లాంతరు పైకి లేచింది. ముసలావిడ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. ఉన్నట్టుండి ఖళ్ళుమని దగ్గింది.

"దగ్గుతోందా అని అడిగిందా, లేదా? కింద మేడలో ఉన్నదాన్నీ, మధ్య మేడలో ఉన్నదాన్నీ, ఎవరినీ నమ్మకండి. నన్నడగాల్సింది దారినపోయేవాళ్ళని అడుగుతారు. వాళ్ళిద్దరూ నా చెల్లెళ్ళు!"

"చెల్లెళ్ళా?"

"ముగ్గురం ఒక్క కాన్పులో పుట్టాం. పావుగంట ముందు పుట్టా, నేనే పెద్ద. మా నాన్న ఓడలకి తాళ్ళమ్మేవాడు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాట రాకూడదని మూడు మేడలూ ఒక్కలాగే కట్టించాడు. కిటికీలు ఒకటే, కుర్చీలు ఒకటే. పిచ్చి మారాజు, సముద్రాన్ని మాత్రం మూడు చెయ్యలేకపోయాడు. అది నా బాల్కనీలోంచే కనిపిస్తుంది. అప్పణ్ణించీ వాళ్ళకి నాతో మాటల్లేవు, నాకు వాళ్ళతో లేవు. చీకటి పడ్డాక దారితప్పినవాళ్ళు కనిపిస్తే చాలు, నేనున్నానో పోయానో చూసి రమ్మన్నట్టు ఇటు తోలతారు. నేను వినకూడదని గుసగుసలు! నేను మాత్రం తక్కువా, ఇక్కణ్ణించి అటు తోలతాను."

మరదలు ఒంటి చెప్పుతో కుంటుతూ ముందుకొచ్చింది. "ఎంత పని చేశారండీ! మీ దెబ్బకి మా ప్రాణాలు పోయాయి."

ఆ మాట పూర్తవకముందే గుట్ట కింద ఓడ కూత వేసింది. పొడుగ్గా, గుండెల్లో దూరేట్టు. డ్రైవరు గోడ పట్టుకున్నాడు. గేటుకి దారి ఇప్పుడు తెలిసి ఏం లాభం?

"మొహం అలా పెట్టకు నాయనా. ఓడ నా బాల్కనీ కిందనుంచే పోవాలి. పదండి, పదండి!" ముసలావిడ లాంతరు ఊపుకుంటూ మెట్లెక్కేసింది.

ఎక్కారు. బాల్కనీలోకి వచ్చేసరికి సముద్రం మొహాన కొట్టినంత పని చేసింది. ఎంత సముద్రం! ఎన్ని దీపాలు! ఊరంతా కాళ్ళ కింద ఒలికిపోయినట్టు ఉంది. దీనికోసం చెల్లెళ్ళు అలిగారంటే తప్పు లేదనిపించింది డ్రైవరుకి. ఓడ అప్పుడే వస్తోంది. నల్లటి గోడలా, రాయి విసిరితే తగిలేంత దగ్గరగా. వెనక భాగంలో నారింజ రంగు హెల్మెట్లు పెట్టుకుని కొందరు తాళ్ళు చుడుతున్నారు.

"ఏదీ? ఏదండీ మన పిల్ల?" కండక్టరమ్మకి అన్నీ హెల్మెట్లే.

"అదుగో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది చూడు. అచ్చం నాలాగే!"

ముగ్గురూ ఫోను లైట్లు ఊపారు. ముసలావిడ లాంతరు ఊపింది. నడుం మీద చెయ్యి పెట్టుకున్న హెల్మెట్ తల పైకెత్తింది, చూసింది...

చటుక్కున వీపు తిప్పేసుకుంది. పక్కనున్నవాళ్ళందరూ తిప్పేసుకున్నారు.

"అయ్యో, చెప్పడం మర్చిపోయా" అంది ముసలావిడ నాలుక కరుచుకుని. "ఓడల వాళ్ళకీ నేను దెయ్యాన్నే. ఈ బాల్కనీలోంచి ఎవరైనా చెయ్యూపితే అటు చూడకూడదని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. రోజూ ఊపుతాను... ఒక్కడూ తిరిగి ఊపడు."

డ్రైవరు అరిచాడు. మరదలు అరిచింది. ఇంజను మోతలో ఏ మాటా అటు చేరలేదు. ఓడ వెళ్ళిపోతోంది. ఆ వీపు చిన్నదైపోతోంది.

కండక్టరమ్మ మొగుణ్ణి పక్కకి నెట్టింది. చీర కొంగు నడుముకి దోపుకుంది. ఫుట్‌బోర్డు దాకా జనంతో కిక్కిరిసిన బస్సులో, చివరి సీటు నుంచి ఇంజను దాకా వినిపించిన గొంతు అది. రిటైరయ్యాక ఎత్తలేదు. ఇప్పుడెత్తింది.

"హోల్డా...న్!"

గుట్ట అదిరింది. కింద సందుల్లో రెండు చోట్ల ఆకుపచ్చ కిటికీలు ధడేల్మని తెరుచుకున్నాయి. "ఏమైందే నీకు? బతికున్నావా?" అని రెండు ముసలి గొంతులు, గుసగుసగా కాదు, నిండుగా కేకేశాయి. "బతికే ఉన్నానే, పైకి రండే!" అని పెద్దావిడ ఇక్కణ్ణించి కేకేసింది, దగ్గుతూనే.

ఓడ మీద తాళ్ళు చుట్టేవాళ్ళు ఆ కేక విని తాళ్ళు వదిలేసి, ఒకరి మీద ఒకరు పడుతూ ఇనప తలుపులోకి దూరిపోయారు. ఒక్క హెల్మెట్ మాత్రం పారిపోలేదు. ఆగింది, మెల్లగా వెనక్కి తిరిగింది. ఏ దెయ్యమైనా పేరు పెట్టి పిలుస్తుంది, ఏడుస్తుంది, నవ్వుతుంది. హోల్డాన్ అనే దెయ్యం ఈ భూమ్మీద ఎక్కడుంటుంది?

పిల్ల హెల్మెట్ తీసేసింది. ఒక్క పరుగున చివరిదాకా వచ్చి, రెండు చేతులూ ఎత్తి గెంతింది, చిన్నప్పుడు డిపో గేటు దగ్గర గెంతినట్టే. అమ్మా అందో, నాన్నా అందో వినపడలేదు. చేత్తో ఇనప కమ్మీ మీద ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు కొట్టింది, ఎక్కేశాం పోనివ్వండి అని బస్సు రేకు మీద కొడతారే, అలా. ఆ చప్పుడు మాత్రం గాలిలో తేలుతూ బాల్కనీ దాకా వచ్చింది.

కండక్టరమ్మ బాల్కనీ అంచు పట్టుకుని నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. ఓడ మలుపు దగ్గరకొచ్చేసింది, పిల్ల అక్కడే నిలబడి చూస్తోంది.

డ్రైవరు ఆవిడ భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు చెప్పందే బండి కదలదు, కండక్టరమ్మా."

ఆవిడ ముక్కు చీదింది, ఊపిరి నిండా పీల్చింది.

"రైట్... రైట్!"