అత్తగారు చెప్పని ఆపరేషన్

ఆ పొద్దున మారెన్ పిల్లదానికి ఓట్స్ జావ తినిపిస్తుండగా అత్తగారు బొడిల్ దుప్పటి కప్పుకుని వంటింట్లోకి వచ్చింది. జ్వరం వచ్చి మూడు రోజులుగా కొడుకింట్లోనే ఉంటోంది. ఒళ్ళు వణుకుతున్నా నోరు వణకలేదు.

"జావ నిండా ఉండలే. బళ్ళో నేర్పలేదా? నేర్పేలోపే మానేశావులే."

మారెన్ పదో తరగతితో చదువు ఆపేసి నేలలు తుడిచే పనిలో చేరిన మాట నిజమే. ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసిన బొడిల్‌కి రోజుకోసారి ఆ మాట ఎత్తకపోతే తోచదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని డాక్టరిచ్చిన మాత్రలు ఆవిడ మీద పనిచేయలేదు. మధ్యాహ్నానికి మాట తడబడింది. కొడుకు ఆస్గర్ కారు తీశాడు.

ఆస్పత్రిలో నర్సు అందరినీ అడిగినట్టే అడిగింది. "ఈ ఆరునెలల్లో వేరే దేశం ఆస్పత్రిలో ఉన్నారా?"

"లేదు. డెన్మార్క్ డాక్టర్లకేం తక్కువ?" అంది బొడిల్.

మారెన్ ముందుకొచ్చింది. "ఉన్నారు సిస్టర్. రెండు నెలల క్రితం ముఖం ముడతలు తీయించుకునే ఆపరేషన్‌కి విమానమెక్కి వేరే దేశం వెళ్ళారు. మూత్రానికి గొట్టం కూడా పెట్టారు. ఆ ఆస్పత్రి కాగితం ఆవిడ సంచిలో ఉంది."

ఆస్గర్ తెల్లబోయాడు. "అమ్మా, సముద్రపు ఒడ్డున విశ్రాంతికి వెళ్తున్నానన్నావు కదా?"

"నేలలు తుడిచే దానికి నా సంచి సంగతెందుకురా?" కొడుకు మీద కసురుకుంది బొడిల్.

"మాత్రల కోసం వెతికితే కనబడింది. మీ పరువు పోతుందని నిన్న ఊరుకున్నాను. ఇవాళ ప్రాణం మీదికొచ్చింది అత్తయ్యా."

నర్సు వెంటనే గౌను, చేతితొడుగులు వేసుకుని ఆవిడని వేరే గదిలోకి మార్చింది. అక్కడి ఆస్పత్రుల్లో అంటుకునే కొన్ని క్రిములు మామూలు మందులకి లొంగవనీ, అందుకే చివరి అస్త్రంగా దాచి ఉంచే మందు ఇప్పుడే ఎక్కిస్తామనీ డాక్టరమ్మ చెప్పింది. రెండు రోజులకి పరీక్ష ఫలితం వచ్చింది. మామూలుగా ఎక్కించే మందులు మూడూ ఆ క్రిమి మీద పనిచేసేవి కావు. మారెన్ నోరు విప్పకపోయుంటే వాటితోనే కాలం గడిచి బొడిల్ ప్రాణం పోయేది.

జ్వరం దిగిన నాడు మారెన్ గౌను, చేతితొడుగులు వేసుకుని లోపలికెళ్ళింది.

"గోనెసంచిలా ఉన్నావు," అంది బొడిల్.

"అందం కోసం వేసుకోలేదు. ఇంట్లో పసిపిల్ల ఉంది."

బొడిల్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన దాన్ని. నాలుగు ముడతలకి సిగ్గుపడి చావబోయాను. ఛీ." ముక్కు ఎగబీల్చింది. "ఏడ్చానని వాడికి చెప్పకు."

"అడక్కపోతే చెప్పను. అడిగితే చెప్తాను."

తొడుగున్న మారెన్ చేతిని బొడిల్ పట్టుకుని వదల్లేదు. "అలాగే చెప్పు," అంది.