ఇష్యూ కాని ప్రతి

ఆ లైబ్రరీలో నిశ్శబ్దం ఎంతటిదంటే, చీమ తుమ్మితే నాలుగు బల్లల అవతలివాళ్లు కూడా తలెత్తి చూసేవారు. బయట ముసురు. లోపల తడి కాగితాల వాసన. మన పరిశోధకురాలు లాప్‌టాప్ ముందు కూచుని బిందెలకొద్దీ చెమటలు కక్కుతోంది. ఐదింటికల్లా ఎదుటి ఆఫీసులో థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

"ఇంకా తెమల్లేదుటే?" అంది కౌంటర్లోంచి లైబ్రేరియన్. సొంత పిన్నే. "నీ థీసిస్ కంటే నా మోకాళ్ల నొప్పులే ముందు తగ్గేలా ఉన్నాయి."

"ఒక్క పుస్తకమే పిన్నీ!"

ఒక్క వాక్యానికి ఆధారం దొరకడం లేదు మరి. పుస్తకాల వివరాలన్నీ ఆమె ఆన్‌లైన్‌లో ఓ ఉచిత గ్రంథాలయ డేటాబేస్ నుంచి తెచ్చుకునేది. అందులో లేని పుస్తకాన్ని ఎవరైనా చేర్చవచ్చు. ఇంకేం, బుద్ధి వక్రించింది. లేని రచయితను పుట్టించి, లేని పుస్తకం రాయించింది. బ్రహ్మకైనా అంత చురుకు లేదు! పుస్తకం బార్‌కోడ్ ఇవ్వందే కుదరదంది తెర. మెడలో వేలాడే తన సభ్యత్వ కార్డు మీది బార్‌కోడ్ అంకెలే కొట్టేసింది.

తెర మీద వెంటనే ఓ వరుస మెరిసింది: 'ఒకే ప్రతి. ఈ లైబ్రరీలోనే ఉంది.'

నవ్వుకుని, ప్రింటు తీసుకుని, గుమ్మానికి పరిగెత్తింది.

దొంగ పుస్తకాలను పట్టే గేటు కుయ్యిమంది. తలుపు బిగుసుకుంది.

"పిన్నీ, తలుపు..." అనబోయింది. గొంతులోంచి పేజీ తిప్పిన చప్పుడొచ్చింది.

మళ్లీ అరిచింది... మళ్లీ అదే చప్పుడు. కాళ్లు కదలవు. చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. ముక్కు నిండా జిగురు వాసన... తన ఒంటిదే.

పిన్ని వచ్చింది. పరిశోధకురాలి తల మీద ఉఫ్‌మని దుమ్ము ఊదింది. మెడలోని కార్డును స్కాన్ చేసింది.

"ఇదిగోనండీ, దొరికింది," అంది గుసగుసగా, ఎవరితోనో. "పాపం, పొద్దుట్నుంచీ దీనికోసమే కూచున్నారు. బయటికి మాత్రం ఇవ్వం."

పొద్దుట్నుంచా...? ఆ పుస్తకం పుట్టి పావుగంటైనా కాలేదే!

మూల బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. చల్లని వేళ్లు ఆమె వీపును నిమిరాయి.

"కొత్త పుస్తకమేగా," అంది ఓ మెత్తని గొంతు. జేబులోంచి సన్నటి చాకు బయటికొచ్చింది. "అంటుకున్న పేజీలు నేనే కోసుకుంటాలెండి."